చిన్న కుర్చీలు

శనివారం ఆఖరి ట్రిప్పు దించి ఇంటికొచ్చేసరికి పదకొండు.
స్టీరింగు పట్టి పట్టి వేళ్ళు వంగనంటాయి.
ఆ వేళ్ళతోనే దూదిని గొర్రెపిల్లలు చేయాలి,
తొమ్మిది మందికి తొమ్మిది, పైన ఒకటి.
ఎప్పుడూ ఒకటి జిగురుకి బలైపోతుంది.

పాఠం కొత్తదేం కాదు.
తప్పిపోయిన గొర్రె, వెతుక్కుంటూ వెళ్ళిన కాపరి, భుజాల మీద మోత.
చిన్నప్పుడు చీరాలలో సరోజనమ్మ టీచరు
తన చీర కొంగునే గొర్రెగా చుట్టి భుజాన వేసుకుని చెప్పిన కథ.
నిద్రలో లేపి అడిగినా చెప్పగలను.
అదే నా జబ్బు.

పోయిన ఆదివారం ఆషేరు అడిగాడు,
ఏడేళ్ళవాడు, ముందు పళ్ళు రెండూ లేవు,
సగం తెలుగు, సగం ఇంగ్లీషు, మధ్యలో గాలి:
"అంకుల్, తప్పిపోయింది కాపరైతే?
గొర్రెపిల్ల వెళ్ళి వెతకాలా?"

"టైమైపోయింది, రంగులేసుకోండి" అన్నాను.
గోధుమరంగు క్రేయాన్ ఒకటి చేతిలో పెట్టాను.
వాడు తీసుకున్నాడు.
మారాం చేసుంటే బావుండేది.

వారమంతా ఆ ప్రశ్న నా బస్సెక్కి తిరిగింది,
స్టర్ట్ స్ట్రీట్ మలుపులో, ఆసుపత్రి స్టాపులో,
టికెట్టు లేకుండా, దిగమంటే దిగకుండా.
సోమవారం అడిగాను: ప్రభువా, జవాబివ్వు.
బుధవారం: పోనీ, చిన్నపిల్లాడికి సరిపోయేంత ఇవ్వు.
శుక్రవారానికి అడగడం మానేసి
వాడి పేరొక్కటే పలికాను, సిగ్నల్ దగ్గర,
వెనక కారు హారన్ కొట్టేదాకా.

ఈ పొద్దున బల్లారట్ అంతా తెల్లగా గడ్డకట్టింది.
కారు అద్దం మీద గోరువెచ్చటి నీళ్ళు పోసి
మంచు కరిగేదాకా నిలబడ్డాను.
అద్దానికైతే ఒక జగ్గు చాలు.

అద్దె హాలు. నిన్నటి ఎవరి పుట్టినరోజుదో
పగిలిన బెలూను ముక్క హీటరు కింద.
గంట ముందే వచ్చాను.
ఒక్కో చిన్న కుర్చీలో కూర్చున్నాను,
మోకాళ్ళు గడ్డానికి తగిలేలా.

ఇది జెరూషది. వేరుశెనగ పడదు.
బిస్కెట్ పాకెట్టు వెనక సన్న అక్షరాలు మళ్ళీ చదివాను,
అదీ ప్రార్థన కిందే వేసుకోమని మనవి.
ఇవి హనోకువీ హదస్సవీ. కొట్టుకుంటారు.
కొట్టుకున్నా ఒకే గొడుగులో ఇంటికెళ్ళాలి తండ్రీ.
ఇది ప్రణుతిది. ఆర్నెల్లుగా ఒక్క మాట లేదు.
ఆమెని మాట్లాడించమని అడగలేదు,
నా నోరు కాసేపు కట్టెయ్యమన్నాను.

చివరిది గోడ వార, హీటరుకి దూరంగా.
ప్రతి వారం వాడే ఈడ్చుకెళ్ళి వేసుకుంటాడు,
ప్రతి వారం నేను కసురుతాను:
చలి నాయనా, ఇటు రా, బొమ్మలు కనబడవు అక్కడికి.
కూర్చున్నాను.
నిజమే, బొమ్మల బోర్డు కనబడదు.
సిలువ సగం బీరువా చాటున.
ఎదురుగా తలుపు.
తలుపులో అద్దం, అద్దంలో కార్లు ఆగే చోటు,
వచ్చేవాళ్ళెవరైనా ముందు కనబడేది ఇక్కణ్ణుంచే.

వాళ్ళ నాన్న వెళ్ళి ఎన్ని నెలలో
నేనెవర్నీ అడగలేదు.
తొమ్మిది గొర్రెలు లెక్కపెట్టుకునే నాకు
ఆ లెక్క తెలీదు.

చాలాసేపు లేవలేదు.
లేచాక ఆ కుర్చీని జరపలేదు.
టీచరు కుర్చీ వదిలేసి
ఇంకో చిన్నది తెచ్చి దాని పక్కన వేశాను.
అడిగితే తెలీదంటాను.
కానీ ఇక్కడ కూర్చుని అంటాను.

బయట కంకర మీద టైర్ల చప్పుడు.
దూది గొర్రె ఒకటి కిందపడితే తీసి, దుమ్ము ఊది,
కూర్చున్నాను మళ్ళీ,
తలుపు వైపే చూస్తూ.