ఖాళీ టేపు

నెలాఖరుకల్లా టేపుల గది ఖాళీ చెయ్యమన్నారు.
ముప్పై ఏళ్ల మైనాట్ పట్టణం
దుమ్ము కప్పుకుని గోడల వెంట నిలబడి ఉంది.
ఏది ఉంచాలో, ఏది చెత్తబండికెత్తాలో
తేల్చాల్సింది నేనట,
రిటైరు కాబోతున్న ఇంజినీరుని,
ఒక్కసారీ తెర మీద కనపడనివాణ్ణి.

ఎనభై తొమ్మిది అర దగ్గర ఆగాను.
రెనే ట్వైట్. నీలం సిరా, ఎడమకి వాలిన అక్షరాలు.

ఇరవై రెండేళ్ల పిల్ల. గంటకి నాలుగున్నర డాలర్లు.
తనలో సగం బరువు కెమెరా.
తోడు ఎవరూ ఉండరు గనక
తాను నిలబడబోయే చోట మంచులో పార గుచ్చి,
పార మీద ఫోకస్ సరిచూసుకుని,
పరుగున వెళ్లి పార పీకి అవతల పడేసి
దాని స్థానంలో తాను నిలబడేది.
ఊపిరి అందకముందే నవ్వు. ఆ వెనక వార్త.

స్కూలు బోర్డు మీటింగులు, లూథరన్ చర్చి చేపల విందు,
నది గట్టు తెగుతుందన్న రాత్రి,
సున్నాకి ముప్పై డిగ్రీల కింద
కార్లు స్టార్టవడం లేదన్న కబురు,
స్టార్టవని తన కారులోనే కూర్చుని చెప్పింది.

డాలస్ నుంచి కన్సల్టెంటు దిగాడు.
"ట్వైట్ అంటే జనానికి నోరు తిరగదు" అన్నాడు.
ఏ జనానికి? ఇక్కడి ఫోను పుస్తకంలో
పేజీన్నర ట్వైట్లే.
సోమవారానికి ఆమె రెనే టేట్.
వాళ్ల నాన్న ఆ వారమంతా వార్తలు చూశాడట,
శబ్దం తీసేసి.

ఇదిగో, ఆ టేపు. నవంబరు తొమ్మిది.
ధాన్యం గాదెలో కూరుకుపోయిన పంతొమ్మిదేళ్ల కుర్రాడు.
"తల్లి మాట లేకుండా తిరిగి రాకు" అన్నాడు న్యూస్ డైరెక్టరు.
చీకటి పడ్డాక వచ్చింది. కెమెరా మొరాయించిందంది.
అతని అరుపుకి గాజు తలుపు వణికింది.
వారం జీతం కోత.
కెమెరా నా బల్ల మీదికొచ్చింది. విప్పి చూశాను.
ఏ లోపమూ లేదు.
వైరు వదులైందని రాసిచ్చాను.

అట్ట మీద ఆమె చేత్తో ఒకటే మాట: ఖాళీ.

ఇవాళ మెషీన్లో పెట్టాను.
ఖాళీ కాదు.
వంటింటి నేల. కెమెరాని కింద దించేసినట్టుంది.
బల్ల కింద రెండు జతల పాదాలు.
మంచు కరుగుతున్న ఆమె బూట్లు;
ఎదురుగా ఒక ఆడమనిషి కాళ్లకి
మగపిల్లాడి ఉన్ని మేజోళ్లు,
మడమ దగ్గర వేరే రంగు దారంతో కుట్టినవి.
కాఫీ పోసిన చప్పుడు.
చాలాసేపు గోడ గడియారం.
ఆ తర్వాత తల్లి ఒక మాట అంది.
అది నేనిక్కడ రాయను.

ఫార్గో. ఒమాహా. మినియాపొలిస్.
మెట్టు మెట్టుకీ జుట్టు పొట్టిదైంది, గొంతు లోతైంది,
'ఓ'ని సాగదీసే మా యాస
ఏ ఊరి దగ్గర రాలిపోయిందో తెలీదు.
కాలిన ఇళ్ల ముందు, కోర్టు మెట్ల మీద
మైకు చాచి అడిగేది: "ఎలా అనిపిస్తోంది?"
బాగా అడిగేది. అవార్డులొచ్చాయి.
కెమెరా మోసేందుకు మనిషి, లైటుకి మనిషి.
తెర మీద చూసినప్పుడల్లా
నా కళ్లు పార కోసం వెతికేవి.

నలభై ఏడో ఏట కాంట్రాక్టు పొడిగించలేదు.
ఇప్పుడొక ఆసుపత్రి తరఫున మాట్లాడుతుంది.
కుర్ర రిపోర్టర్లు మైకులు చాస్తే
"కుటుంబం ఏకాంతం కోరుకుంటోంది" అంటుంది.
ఎంత బాగా అంటుందో.

పంపెయ్యనా ఆమెకి? చిరునామా ఉంది,
ఏటా క్రిస్మస్ కార్డు వస్తుంది,
సంతకం మాత్రం ట్వైట్ అని.

రిజిస్టరులో పన్నెండు వందల ముప్పై ఒకటో గడి.
వివరం రాయాలి.
జేబులో నీలం పెన్నే దొరికింది.
ఖాళీ, అని రాశాను.
టేపు కోటు లోపల పెట్టుకుని దీపం ఆర్పాను.

బయట మంచు మొదలైంది.
కారు తవ్వుకోవాలి.