రేపు మీ షెడ్డుకొస్తారట

పడుకునే వేళ ఫోను చేశావు నూకరాజూ,
వెనక కుక్కలు మొరుగుతున్నాయి,
వాటికంటే గాభరాగా ఉంది నీ గొంతు.
ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు రేపు మీ ముమ్మిడివరం షెడ్డుకొస్తారట,
ఏం సర్దాలన్నా, అన్నావు.

అరటిగెల కారెక్కించకు.
ఆత్రేయపురం పూతరేకులు పంపకు.
కవరు సంగతి నేనడగను, నువ్వు చెప్పకు.
ఇవన్నీ మా నాన్న విద్యలు. నేనూ నేర్చినవే.

పోయిన ఆషాఢంలో అంబాజీపేటలో మా పీచు మిల్లుకొచ్చారు.
ముందురాత్రి బుల్లియ్యా నేనూ
పదకొండింటి దాకా బెల్టుకి ఇనప తొడుగు బిగించాం.
నాలుగేళ్ళుగా గోడకి జారేసి ఉందది,
దాని చాటున కోడి గుడ్లు పెట్టేది.
తుప్పు కనపడకుండా పసుపు రంగేశాం.
వానాకాలం, కాలవ గట్టు. ఎక్కడారుతుంది?

చేతులు కడుక్కుంటూ బుల్లియ్య మెల్లిగా అన్నాడు,
‘సువార్తని రేపు రావద్దందామండీ.’
నేను ఊఁ అన్నాను.

ఆ ఊఁ గుర్తుపెట్టుకో.

పొద్దున్నే ఇన్‌స్పెక్టరుగారొచ్చారు, నడివయసు మనిషి,
చీర మీద బూట్లు, భుజాన గుడ్డసంచి.
యంత్రం ఇంకా నాలుగడుగులుందనగా ఆగి
పైట చెంగు నడుంచుట్టూ బిగించి పిన్ను పెట్టుకుంది.
గాజులు తీసి సంచిలో వేసుకుంది.
ఇరవయ్యేళ్ళలో మా మిల్లు ఆడాళ్ళకి
ఆ ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు నేను.

తొడుగు మీద చెయ్యేసింది.
అరచెయ్యంతా పసుపు.
ఏమీ అనలేదు. రుమాలు తీసి
ఒక్కో వేలూ తుడుచుకుంది.
తిట్టినా బావుండేది.

‘ప్రమాదాల రిజిస్టరు?’
ఇచ్చాను. మా గుమాస్తా గుండ్రటి అక్షరాలు:
లేవు. లేవు. లేవు.
నెలకో లేవు.

అప్పుడు వెనక పీచు కట్టలు లెక్కపెడుతున్న గొంతు.
సువార్త. వద్దన్నా వచ్చింది.
‘రాని రోజు కూలి నువ్విస్తావా’ అందట బుల్లియ్యతో.
వేళ్ళ మీద లెక్కపెడుతోంది,
ఎనిమిది దాకా వచ్చి
మళ్ళీ ఒకటి.
కట్టలెప్పుడూ తప్పు రాలేదు,
ఎనిమిదుల ఎక్కం దానికి వచ్చేసింది.

ఇన్‌స్పెక్టరుగారు చూశారు.
రిజిస్టరు వంక చూడలేదు, నా వంకా చూడలేదు.
ఆపిన యంత్రం చుట్టూ
పీచు ధూళి ఇంకా కిందికి దిగుతోంది.

పెన్ను నేనే తీశాను.
ధైర్యం అనుకునేవు, మోకాళ్ళు కొట్టుకున్నాయి.
ఒక లేవు అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టి
‘ఏ రోజే సువార్తా?’ అన్నాను.
తడుముకోలేదు:
‘మట్టల ఆదివారం ముందు శనివారమండీ.
తమరు రాజోలు పెళ్ళికెళ్ళారు.
తడిపీచు చుట్టుకుంటే లాగబోయాను.
అది నన్ను లాగింది.’

జరిమానా కట్టాను. వారం మిల్లు ఆపమన్నారు, ఆపాను.
ఆ వారం కూలి అందరికీ ఇచ్చాను,
ప్రాణం ఉసూరుమంటూనే ఇచ్చాను, నీ దగ్గర దాపరికమెందుకు.
సువార్త వేళ్ళకి రావాల్సిన డబ్బు కోసం
ఇంకా కాగితాలు నడుస్తున్నాయి.

అంచేత రేపు
గేటు దగ్గర నిలబెట్టకు. కుర్చీ, మంచినీళ్ళు. అంతే.
వెంట నువ్వే నడు.
తెలియంది తెలియదని చెప్పు.
కూలీలతో విడిగా మాట్లాడతానంటే
బయటికెళ్ళి కొబ్బరిచెట్లు లెక్కపెట్టుకో,
తలుపు దగ్గర నిలబడి దగ్గకు.
వాళ్ళు రాసుకున్నదంతా నువ్వూ రాసుకో.
ఇవి చిన్నవి, పొద్దున్న చెప్పినా వచ్చేస్తాయి.

ఈ రాత్రికి మాత్రం రంగుడబ్బా మూత పెట్టు.
లైటేసుకుని షెడ్డులోకెళ్ళు.
రేపు ఎవర్ని రావద్దందామనుకున్నావో
ఆ పేరు పైకి అను.

అను.
లైన్లోనే ఉన్నాను.