తర్వాత గుర్తుచేయి

లియెపాయాలో గాలికి తలుపు అక్కర్లేదు.
కిటికీ చెక్క సందుల్లోంచి వచ్చి
నా ఉన్ని ఉండల్ని ఒకసారి తడిమి
కంప్యూటర్ వెనక దుమ్ములో కూర్చుంటుంది.

పొద్దున్నే మీట నొక్కి కాఫీ పెట్టుకుంటాను.
కాఫీ మరిగి, చల్లారి, సగం తాగాక
తెర కళ్ళు నులుముకుంటుంది.
ఫ్యాను రొప్పుతుంది,
వంతెన ఎక్కే ట్రామ్ లాగా.
దీన్ని కొన్న ఏడాది
పై అంతస్తు రైటిస్‌కి పాలపళ్ళు ఊడుతున్నాయి.

అప్పుడొస్తుంది ఆ నీలం పెట్టె:
"మీ వ్యవస్థకు కాలం చెల్లింది. ఇప్పుడు మార్చమంటారా?"
కింద రెండు బొత్తాలు.
నేను 'తర్వాత గుర్తుచేయి' నొక్కుతాను,
తలుపు మీద 'రేపు రా' అని రాసి పెట్టుకున్నట్టే.
దయ్యానికి చదువొచ్చు కాబట్టి సరిపోయింది.
చదువుకుని వెళ్ళిపోతుంది.
రేపు మళ్ళీ వచ్చి మళ్ళీ చదువుకుంటుంది.

ఇలా పద్నాలుగు నెలలు.

రైటిస్‌కి ఇప్పుడు గడ్డం వచ్చింది, సలహాలూ వచ్చాయి.
"వెల్టా, తాళం తీసిపెట్టి నిద్రపోతున్నావు" అంటాడు.
"దొంగ వస్తే ఏం పట్టుకెళ్తాడు, చేతి తొడుగుల నమూనాలా?"
"నీ పేరు పట్టుకెళ్తాడు. బ్యాంకులో నువ్వై నిలబడతాడు."
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
నేనై నిలబడ్డవాడు
నా గ్యాసు బిల్లు కూడా కట్టాలి కదా అని
కాస్త నవ్వుకున్నాను గానీ, పట్టలేదు.

అల్లిక యంత్రం సంగతి వాడికేం తెలుసు?
దాని మాట ఈ పాత వ్యవస్థకే అర్థమవుతుంది.
చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది.
కుల్దీగలో ఇల్జే ఇలాగే ధైర్యం చేసింది.
కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.
యంత్రం ఇప్పుడు ఆమె వరండాలో
బంగాళాదుంపల బుట్టకు పీట.

అందుకని వాయిదాలు వేశాను.
అక్టోబరులో వద్దు, ఆర్డర్లు మొదలు.
డిసెంబరులో అసలే వద్దు, నూట నలభై జతలు,
ఒక్క పెళ్ళివారివే అరవై.
జనవరిలో వేళ్ళ నొప్పి.
ఫిబ్రవరి పొట్టి నెల, పాపం, దానిమీద భారం వేయకూడదు.

మార్చిలో బ్యాంకు తన తలుపు మూసింది.
"మీ బ్రౌజర్ పాతది" అని ఒక్క ముక్క.
ముప్పై ఏళ్ళుగా ఒక్క అప్పూ ఎగ్గొట్టని మనిషిని
గుమ్మంలో నిలబెట్టి మాట్లాడింది.

పోట్లాడలేదు. గళ్ళ కాగితాలు కొన్నాను.
తెరమీది నమూనాలు ఒక్కొక్కటే
పెన్సిలుతో దించుకోవడం మొదలుపెట్టాను.
గడికి ఒక కుట్టు. ఎరుపు, ఖాళీ, ఖాళీ, ఎరుపు.
రెండువందల పన్నెండు నమూనాలు, పదకొండు రాత్రులు.
ఆఖరున ఎనిమిది కొమ్ముల వేగుచుక్క.
చెడును రానివ్వదని
అమ్మమ్మ మణికట్టు పైన అల్లేది.
దాన్ని దించుతుంటే మూడో వరస దగ్గర తెర బిగుసుకుపోయింది.
నేను ఆగలేదు.
ఎనిమిదో వరస గీసేశాక తలెత్తి చూశాను.
తెర ఇంకా మూడోదాని దగ్గరే ఉంది.

వెళ్ళి రైటిస్ తలుపు కొట్టాను. రాత్రి తొమ్మిది.
"మార్చు" అన్నాను.
"ఇప్పుడా?" అన్నాడు, నోట్లో రొట్టె.
"నువ్వు నమలడం అయ్యాక."

ఇప్పుడు పన్నెండు దాటింది.
ముప్పై ఏడు శాతం దగ్గర గంటసేపు నిలబడి
ఒక్కసారిగా అరవై ఒకటికి దూకింది.
ఎందుకో వాడికీ తెలీదు.
ఆఖరి ట్రామ్ ఎప్పుడో ఖాళీగా వెళ్ళిపోయింది.
నా ఒళ్ళో అయిదు సూదులు, ఎర్ర ఉన్ని.
కొత్త తెర వెలిగి నా పేరడిగింది,
నా ఇంటి గుమ్మంలో నన్నే ఆపి
ఎవరు కావాలండీ అన్నట్టు.
చెప్పాను, అక్షరం అక్షరం విడదీసి.

అల్లిక యంత్రం దీపం మాత్రం వెలగలేదు.
రైటిస్ తీగలు పీకాడు, గుచ్చాడు, మళ్ళీ పీకాడు.
"రేపు చూద్దాం" అన్నాడు.
అనేశాక నావైపు చూశాడు.

నేను బొటనవేలి దగ్గర కుట్లు లెక్కపెడుతున్నాను.
పదిహేడు. పద్దెనిమిది.