ఎక్కడేసిన గొంగడి

బుధవారం సాయంత్రం ఐదింటికి
మా వారపత్రిక నాలుగో పేజీలో అరచేయంత ఖాళీ.
డింబూలాలో నేనూ, ఆ ఖాళీ, ఎదురెదురుగా కూర్చుంటాం.
అవతల గంట దూరంలో, రెయిన్‌బో అనే ఊళ్ళో,
వానే సరిగా పడనిచోట ఇంద్రధనుస్సు పేరేమిటని నన్నడక్కండి,
మెర్వ్ నూస్కే కార్టూన్ పంపుతుంటాడు.
మధ్యాహ్నం నుంచీ పంపుతూనే ఉంటాడు.

ఫోన్లో అంకెలు చెప్తాడు, గొర్రెల వేలంపాట లాగా:
"ముప్ఫై ఒకటి... ముప్ఫై ఒకటి... ముప్ఫై రెండు...
పోయింది. మళ్ళీ సున్నా."

కార్టూన్ దేనిమీదో చెప్పనక్కర్లేదు.
ఆరేళ్ళుగా అతను గీసేది ఒకటే,
మా ఊళ్ళకి రాని ఇంటర్నెట్.
ఒక వారం, గోధుమ సైలో నీడలో
తెర ముందు కూర్చున్న గడ్డం మనిషి;
హోంవర్కు తెరిచేనాటికి అతను ఒకటో తరగతి.
ఒక వారం, తీగని కొరికి చూసిన గలా పిట్ట
"ఇందులో ఏమీ లేదే" అని ఉమ్మేయడం.
ఇంకో వారం కంపెనీ మనిషి మ్యాపు పరిచి
"ఇదిగో, మీ ఊరికి అందుతోంది కదండీ" అంటుంటే
అతని వేలి కింది చుక్క ఎగిరిపోవడం.
అది ఈగ.

చివరికి నేనే కారు తీస్తాను.
జెపారిట్ దాటాక రోడ్డు మీద నేనొక్కదాన్నే.
తిరుగు దారిలో జేబులో పెన్ డ్రైవ్,
గంటకి నూరు కిలోమీటర్లు.
ఈ చుట్టుపక్కల ఏ బొమ్మా ఇంత వేగంగా ప్రయాణించి ఉండదు.

నిరుటి చలికాలం బొమ్మ ఒకటి బేకరీ ఫ్రిజ్ మీద ఇంకా ఉంది.
తెర మీద డాక్టరు, నోరు తెరిచి అలాగే నిలిచిపోయాడు.
ఎదురుగా కుర్చీలో ఒకావిడ అల్లుతోంది, అల్లుతోంది,
కండువా గుమ్మం దాటి వీధిలోకి పాకింది.
జనం పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను.
మొన్న మెర్వ్ వంటింట్లో టీ తాగుతూ చూశాను,
అదే కుర్చీ. వీపు పక్కన విరిగిన పుల్లతో సహా.
దాని మీద సగంలో ఆగిన ఆకుపచ్చ అల్లిక.
నా చూపు అతను పట్టుకున్నాడు.
"పదకొండు నిమిషాలకి వచ్చిందిలే ఆ మాట," అన్నాడు.
"ఆలస్యమైతేనేం, స్పష్టంగానే వినపడింది."
పంచదార డబ్బా నావైపు జరిపాడు.

ఏమనాలో తెలీక నోటికొచ్చిన మా పాలమూరు సామెత అనేశాను.
ఎక్కడేసిన గొంగడి అక్కడ్నే.
గొంగడి అంటే?
గొర్రెబొచ్చు దుప్పటి. నల్లగా, మోటుగా, కుచ్చుకుంటుంది.
మా దిక్కు కురుమలు నేస్తారు.
గొర్రెల సంగతి అతనికి నేర్పక్కర్లేదు,
కవరు వెనకాల పెన్సిలు అప్పటికే కదులుతోంది.

మరుసటి వారం అచ్చయింది.
మట్టిరోడ్డు నడుమ ఒక గొంగడి,
కింద గురకపెట్టే ఇంటర్నెట్, పాదాలు మాత్రం బయటికి.
చుట్టూ మెరీనో గొర్రెలు చేరి
ఇది మన ఉన్నేనా అని వాసన చూస్తున్నాయి.
చదివినవాళ్ళు ఎవరో దేశదిమ్మరి పక్కచుట్ట అనుకున్నారు.
నేను మాత్రం తడి సిరా మీద వేలు పెట్టి
నల్లటి చుక్క అంటించుకున్నాను.

శుక్రవారం కంపెనీ మెల్బోర్న్ ఆఫీసు నుంచి ఫోను.
బొమ్మ చాలా బాగుందట. పెద్దసారుకి నవ్వాగలేదట.
ఫ్రేము కట్టించి గోడకి పెట్టుకుంటారట.
మెర్వ్‌కి చెప్పాను. కాసేపు చప్పుడు లేదు,
లైను పోయిందనుకున్నాను.
"ఇస్తానని చెప్పు," అన్నాడు.
"డాక్టరు బొమ్మ కూడా కలిపి.
ఇప్పుడే మెయిల్లో పంపుతున్నానని చెప్పు."

ఇప్పటికి ముప్ఫై ఒకటి.