పెంటయ్య డాక్టరు

ముందు ముగ్గురు పొత్తిళ్లల్లనే పోయిండ్రట.
నాలుగోవాణ్ణి పెంటకుప్ప మీద పొర్లిచ్చి
చేటెడు తవుడుకు అమ్మి, మళ్ల కొన్నది తల్లి.
గా పేరే బోర్డు మీద, దేవరకొండ బస్సులు ఆగేకాడ.

గత్తరొచ్చిన ఏడు డిండి వాగు దాటిండు
సైకిలు నెత్తిన,
సూదుల మూట పండ్లతోటి కర్సుకొని.
ఫీజంటే గిద్దెడు ఆముదం, ఒక్కోపారి తిట్లు.
మనిషి దక్కని ఇంట్ల మాత్రం
చాయ గూడ ముట్టకపోయేది.

మొన్న శ్రావణంల ఆయనకే జరమొచ్చింది.
తన నాడి తనే పట్టుకొని
గోడ గడియారం దిక్కు చూస్కుంట చూస్కుంట
లెక్క తప్పిండు.

పాడెకు భుజమిచ్చిన నలుగురిల
ఇద్దరు పెంటయ్యలే.
వాళ్లనెవ్వరూ కుప్ప మీద పొర్లియ్యలే,
తవుడుకు అమ్మలే.
ఊకెనే,
డాక్టరు పేరని పెట్టుకున్నరు.