ధ్వని

లాలాపేట నుంచి ట్రాలీ ఆటోలో
రెండు బాక్సులు, ఒక యాంప్లిఫయరు, మూడు మైకులు.
హైవే పక్క యూనివర్సిటీకి నాలుగింటికల్లా చేరాలి.
స్టేజీ మీద బ్యానరు చూసి నవ్వొచ్చింది:
"చెంచమ్మ గారి స్మారకోపన్యాసం. అంశం: ధ్వని."
ఇన్నాళ్లకి నా పని మీద మాట్లాడేవాళ్లొచ్చారనుకున్నా.

పదకొండేళ్లుగా ఈ ఉపన్యాసానికి మైకు నాదే.
మొదటేడు గోంగూరతో భోజనం పెట్టారు.
తర్వాత ఉప్మా, కాఫీ.
ఇప్పుడు పేపరు ప్లేట్లో రెండు బిస్కెట్లు, గుప్పెడు మిక్చరు.
యార్డులో కమీషన్ కొట్టు పెట్టి బాగుపడ్డ కొడుకు
తల్లి పేరున బ్యాంకులో వేసిన డబ్బు అలాగే ఉందట,
వడ్డీయే తగ్గిందట.
శాలువా కూడా ఏడాదికింత పల్చబడుతోంది.

నేనేమీ వినను. నా చెవులు వేరే పనిలో ఉంటాయి.
నక్షత్రాల గురించి చెప్పినాయన పొడిదగ్గు,
జీఎస్టీ ఆయన "ప" అన్నప్పుడల్లా మైకు మీద పడే ఊపిరి,
స్తూపాల మేడమ్ గాజులు చెక్కబల్లకి తగలటం.
ఇవే గుర్తు.
ఎంత పాండిత్యమైనా నాకు మూడు గుండీలు:
బేసు, ట్రెబులు, ఎకో.
ఎకో ఇక్కడ వాడకూడదు,
అది ఉరుసుకీ, అమ్మవారి కొలుపుకీ.

ఈసారొచ్చింది బెజవాడ నుంచి, రిటైరైన తెలుగు మేడమ్,
వల్లూరి కనకవల్లి గారు. పిట్టగొంతు.
కూత పెట్టే అంచు దాకా పెంచి
అక్కడ పట్టుకుని కూర్చున్నా.
అటెండెన్సు కోసం తోలుకొచ్చిన పిల్లలు ఫోన్లలో ఉన్నారు.
సోఫాల్లో పెద్దమనుషులు ఒకరొకరే
వంగి వంగి తలుపు దాటుతున్నారు.

"గంట కొట్టాక దెబ్బ అయిపోతుంది, మోత అయిపోదు.
ఆ మిగిలింది ధ్వని.
నోటితో చెప్పనిది, అయినా వినపడేది" అందావిడ.

గుండీ మీద నుంచి నా వేలు జారింది.

నీళ్లు తాగి, బ్యానరు వైపు తిరిగి అడిగింది:
"ఈ చెంచమ్మ గారెవరో మీలో ఎవరికైనా తెలుసా?"
కన్వీనరు ఆహ్వానపత్రం తిరగేశాడు.
"దాత గారి మాతృమూర్తి, మేడమ్" అన్నాడు, వెనకవైపు కూడా చూసి.

నాకు తెలుసు.
మిర్చియార్డు వెనక షెడ్డులో మా అమ్మ పక్కన కూర్చుని
ముచ్చికలు తీసేది. టిక్కీకి ఇంతని కూలి.
మండే వేళ్లు నాకు తగలకూడదని
మోచేత్తో నా తల నిమిరేది.
ఒకసారి దగ్గీ దగ్గీ, కళ్లు తుడుచుకోలేక నవ్వి,
"ఒరే నాగుల్ మీరా, ఈ యార్డులోకొస్తే
దేవుడైనా తుమ్మాల్సిందేరా" అంది.

చేతిలో కార్డ్‌లెస్ మైకుంది. స్విచ్చి ఆన్‌లోనే ఉంది.
పాతికేళ్లుగా "హలో, హలో" తప్ప
మూడో మాట మైకులో అనని నోరు.
లేవలేదు.
బాక్సులో గుర్రుమంది,
అందరూ నావైపు చూశారు.
తగ్గించాను.
ఆవిడ మళ్లీ ఉపన్యాసంలోకి వెళ్లిపోయింది.

శాలువా, ఫొటో, వందన సమర్పణ. ఆవిడ కారెక్కింది.
మోచేతికి వైరు చుట్టుకుంటూ ఆగిపోయా.
ఎన్ని వేల గజాలు చుట్టుంటానో ఈ చేత్తో,
ఆ మోచెయ్యి ఇవాళే గుర్తొచ్చింది.

ఒక మైకు ఇంకా విప్పలేదు.
ఖాళీ కుర్చీల వైపు తిరిగి
"హలో" అన్నా.
"చెంచమ్మ ఎడం చేతివాటం మనిషి.
పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే..."

ఆఖరి వరసలో మిక్చరు ఊడుస్తున్న సామ్రాజ్యం
చీపురాపి తలెత్తింది.
"కాస్త గట్టిగా చెప్పు, మీరాబ్బాయ్.
ఎనక్కి వినపడట్లా."

ఎకో కొంచెం తిప్పాను.