అడుగు పూత

ఆటోనగర్ నాలుగో రోడ్డులో
సైదా మేస్త్రి స్క్రూడ్రైవర్ పిడితో
నా జీపు పొట్ట తడుతూ పోతున్నాడు
పుచ్చకాయలు ఎంచేవాడిలా.
ఠంగు, ఠంగు, ఠంగు.
డ్రైవరు కాళ్ల కింద మాత్రం బొద్దుమంది.
"ఇది ఇనుము కాదు మణెమ్మక్కా,
ఇనుము వేషం కట్టిన పెయింటు."
పిడి తిప్పి మొనతో నొక్కితే
నేల కనిపించింది.
నేల మీద ఎవరో తాగి పడేసిన టీ కప్పు కూడా.

బుడమేరు చలవే ఇదంతా.
సింగ్‌నగర్‌లో నాలుగు రోజులు స్టీరింగు దాకా నీళ్లు.
మేడ మీద నుంచి చూస్తూనే ఉన్నాను,
నీళ్లలో దాని టాపు
పడుకున్న గేదె వీపులా.
ఇంజను వారంలో పలికింది.
తుప్పుకి తొందర లేదు,
ఏడాదిన్నర లోలోపల తన పని తను చేసుకుపోయింది.
అప్పుకీ తుప్పుకీ
ఆదివారాలుండవు.

మేస్త్రి రేట్లు చెప్పాడు.
ఇసుక ఊదించి, ఎపాక్సీ కొట్టి, పైన పీయూ పెయింటు,
బూతులో పెట్టి కాలిస్తే అరవై వేలు.
"పెళ్లికొడుకులా దిగుద్ది."
దిగుద్ది. గొలుసు కప్పీ, పైపులు, నా చేతి గాజులు అమ్మితే.
లేదా గీకి, లప్పం మెత్తి, నిగనిగా ఓ చుట్టు తిప్పితే పద్దెనిమిది.
ఆర్నెల్లు ఎవడూ పేరు పెట్టడు.
"పైన పటారం" అన్నాన్నేను.
"లోన లొటారం" అని తనే పూర్తి చేసి నవ్వి
మూడోది చెప్పకుండా
టీ తెప్పించాడు.

ఎదురు కొట్లో వీర్రాజు రంగుల కార్డు పరిచాడు.
ఒక్కో చుక్కకి ఒక్కో పేరు,
నేనెప్పుడూ మునగని సముద్రాల పేర్లు.
రెడ్ ఆక్సైడ్ ఎంత అన్నాను.
నా మొహం వైపు కాదు, చెప్పుల వైపు చూసి చెప్పాడు రేటు.
"ఒట్టిదే కొడితే నీళ్లు తాగుద్దక్కా,
దాని మీద ఏదో ఒకటి కప్పాల"
రోడ్డుకి ఆ పక్క నుంచే మేస్త్రి కేక.

ఇరవై రెండేళ్లుగా మోటార్లు చుడుతున్నాను.
వార్నిష్ సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు.
రాగి తీగ చుట్లు చుట్లుగా తాగాలి దాన్ని,
ఎవరూ చూడని చోట, బోరులో, రెండొందల అడుగుల కింద.
పైన మోటారు బాడీకి ఏ రంగేశానో
మైలవరం రైతు ఒక్కడు కూడా ఇంతవరకు అడగలేదు.

"డబ్బంతా అడుక్కే పెట్టు" అన్నాను.
"అదే మూడో రేటు" అన్నాడు, గ్లాసు కింద పెట్టి.

ఫ్లోరుకి కొత్త రేకు. అతుక్కి లోపలా బయటా ఎపాక్సీ.
చాసిస్‌కి వైరు బ్రష్షు నేనే పట్టాను,
రోహిణి ఎండలో వెల్లకిలా పడుకుని
కళ్లలో, పళ్లలో ఎర్రపొడి.
ఇంటికెళ్తే మా చిన్నది
"కారప్పొడి మిల్లుకెళ్లావా" అంది.
నల్ల అండర్‌కోటు రెండు పూతలు, మధ్యలో ఒక రాత్రి.
ఒక్కచోట మేస్త్రి నా చెయ్యి పట్టుకుని ఆపాడు:
"ఆ కంత పూడ్చబాకక్కా.
నీళ్లు ఎట్టా అయినా దూరతయ్.
పోయే దారి ఉంటే చాలు."

పైకి మిగిలింది పదకొండొందలు.
షెడ్డు మూల డబ్బాల అడుగులు,
అన్నీ సింథటిక్ ఎనామిలే, ఒక్క జాతివే:
స్కూలు వ్యాను పసుపు, లారీ గోధుమ,
వాటర్ ట్యాంకరు నీలం కొంచెం.
కర్రతో కలిపితే వచ్చిన రంగు
వీర్రాజు కార్డులో లేదు.
కార్డు ఇంకోసారి తిరగేసి, ఒప్పుకోక,
చివరికి బ్రష్షు మాత్రం ఊరికే ఇచ్చాడు.

గీతలు కనపడతాయి దగ్గరికొస్తే.
రావద్దని ఎవరికీ చెప్పను.

నిన్న జి.కొండూరు దారిలో తొలకరి పట్టుకుంది.
బండి ఆపి, చీర కొంగు నడుముకి దోపి
కిందకి వంగి చూశాను.
కంతలోంచి నీళ్లు కారుతున్నాయి.

కారనీ.